మూలాపేట మిద్దె అమ్మాలి, ముందు ఏం బాగు చేయించాలి?

నెల్లూరు నుంచి ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. సారాంశం ఇదీ:

ఆమెకు 49 ఏళ్లు. పెళ్లయి వేదాయపాళెంలో ఉంటున్నారు. పుట్టిల్లు మూలాపేటలో, 30 అంకణాల (240 గజాల) స్థలంలో పాత మద్రాసు మిద్దె, అంటే టేకు దూలాల మీద ఇటుక, సున్నంతో వేసిన పైకప్పు ఇల్లు. నాన్నగారు 1984లో కొన్నారు. 1997లో బ్యాంకు లోన్ తీసుకుని వెనకవైపు రెండు స్లాబు గదులు వేశారు, లోన్ ఎప్పుడో తీర్చేశారు. ఆయన పోయి మూడేళ్లయింది. వీలునామా రాయలేదు. ఇప్పుడా ఇంట్లో 74 ఏళ్ల అమ్మ ఒక్కరే ఉంటున్నారు.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే తమ్ముడు ఇల్లు అమ్మేద్దామంటున్నాడు. ముందు ఏడు లక్షలు పెట్టి టైల్స్, ఫాల్స్ సీలింగ్, వంటింట్లో అల్మారాలు, రంగులు చేయిస్తే ఇరవై లక్షలు ఎక్కువ వస్తుందని అతని లెక్క. మొన్నటి తుపాను వానకు హాలు గోడ నడుము ఎత్తు దాకా తడిసి ఉబ్బింది. బ్రోకరేమో "పుట్టీ పెట్టి రంగు కొట్టేయండి, ఎవరికీ తెలీదు. ఆగ్నేయంలో ఉన్న బావి పూడ్చేయండి" అంటున్నాడు. ఇల్లు చూడటానికి ఎవరైనా వస్తే అమ్మ వాళ్లను పంచలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, "మేము ఇల్లు అమ్మడం లేదు నాయనా, మీకెవరో తప్పు చెప్పారు" అని పంపేస్తున్నారట. అమ్మను పది రోజులు కావలిలో పిన్ని వాళ్లింటికి పంపి, ఈలోగా నాన్న గది ఖాళీ చేసి పనులు మొదలు పెడదామని తమ్ముడి ఆలోచన. "పనంతా నా నెత్తిన పడింది. ఎంత ఖర్చు పెట్టాలి? బ్రోకర్ చెప్పినట్టు చేయొచ్చా? అమ్మను ఎలా ఒప్పించాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు" అని అడిగారు.

* * *

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గోడ గురించి రాశారు, బావి గురించి రాశారు, ఏ గదికి ఎంత ఖర్చవుతుందో కూడా లెక్క వేశారు. ఇల్లు అమ్మాక మీ అమ్మగారు ఎక్కడ ఉంటారు అన్నది మాత్రం ఆరు పేజీల్లో ఎక్కడా లేదు. మీకు ప్రేమ లేక కాదని నాకు తెలుసు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని ముగ్గురూ ఆ మాటను దాటేస్తున్నారనిపించింది. ఆవిడ వచ్చినవాళ్లకు మజ్జిగ ఇచ్చి పంపడంలో నాకు మొండితనం కనిపించలేదు. తననెవరూ అడగలేదు కాబట్టి తనకు చేతనైన పద్ధతిలో ఆవిడ జవాబు చెబుతున్నారు.

ముందు ఒక సంగతి తేల్చుకుందాం. ఆ ఇల్లు నాన్నగారు సొంత డబ్బుతో కొన్నది, వీలునామా లేదు. అలాంటప్పుడు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుక్కి, కూతురికి సమానంగా వస్తుంది. మీ నాయనమ్మగారు నాన్నగారి కంటే ముందే పోయారనుకుంటున్నాను, లేకపోతే ఆవిడకీ ఒక వాటా ఉండేది. అంటే మూడో వంతు అమ్మది, మూడో వంతు మీది, మూడో వంతు తమ్ముడిది. రిజిస్ట్రేషన్ రోజు ముగ్గురూ సంతకం పెట్టాలి. అమ్మను ఎలా ఒప్పించాలని అడిగారు. ఆవిడ ఆ ఇంటి యజమానుల్లో ఒకరు. మీరూ అంతే, తమ్ముడి మాటకు పనులు చేసిపెట్టే మనిషి మాత్రమే కాదు. ఉత్తరంలో ఎక్కడా మీకీ సంగతి గుర్తున్నట్టు లేదు, అందుకే ఇంత విడమరిచి చెబుతున్నాను.

కావలి ఆలోచన మాత్రం వద్దు. ఇంత పెద్ద ఉత్తరంలో నేను గట్టిగా వద్దనేది ఇదొక్కటే. పది రోజుల తర్వాత ఆవిడ ఆటో దిగి గేటు తీసుకుని లోపలికి వస్తారు. ఆయన గదిలో మంచం ఉండదు, గోడకు ఆయన చొక్కా తగిలించే మేకు కూడా ఉండదు. ఆ తర్వాత ఏ కాగితం చూపించినా మీ మీద ఆవిడకు నమ్మకం కుదరదు. సంతకం సంగతి అటుంచి, మీ ఇంట్లో కూర్చుని అన్నం తినడానికి కూడా ఆవిడ మనసు ఒప్పుకోకపోవచ్చు.

అమ్మ ఎక్కడుంటారనే దానికి నాకు కనిపించే దారులు చెబుతాను. వేదాయపాళెంలో మీ ఇంటి దగ్గరే కింది పోర్షన్ ఒకటి అద్దెకు తీసుకుంటే ఊరు మారదు, మనుషులు మారరు, మూలస్థానేశ్వర స్వామి గుడి ఆటో దూరంలోనే ఉంటుంది. కానీ రోజువారీ భారం పూర్తిగా మీ మీద పడుతుంది. ఆ మాట ఇప్పుడే తమ్ముడితో అనుకోవాలి. హైదరాబాద్ వెళితే కొడుకు, మనవలు పక్కనుంటారు. అయితే 74 ఏళ్ల మనిషి పగలంతా ఫ్లాట్‌లో తలుపు వేసుకుని కూర్చోవడం అలవాటు చేసుకోవాలి. ఇది కొందరికి పడుతుంది, కొందరికి పడదు. రెండు నెలలు ఉండి చూడమనండి, ఈలోగా ఇల్లు కదిలించకండి. ఇప్పుడే అమ్మకుండా ఆవిడ వెనక స్లాబు గదుల్లో ఉండి, ముందు భాగం అద్దెకివ్వడం ఇంకో దారి. డబ్బు అవసరం ఎంత తొందరగా ఉందో మీరు రాయలేదు కాబట్టి దీన్ని కొట్టేయలేను. కాకపోతే పాత మిద్దె ఏళ్లు గడిచేకొద్దీ మరమ్మతు అడుగుతుంది, ఆ ఖర్చుకు ముగ్గురూ ఒప్పుకోవాలి. ఏది ఎంచుకున్నా, అమ్మిన రోజు ఆవిడ మూడో వంతు ఆవిడ పేరు మీదే బ్యాంకులో పడాలి. "మేం చూసుకుంటాం కదమ్మా" అనే మాట ఆ డబ్బుకు బదులు కాదు.

ఇక ఏడు లక్షల సంగతి. తమ్ముడు హైదరాబాద్‌లో ఫ్లాట్లు అమ్మే తీరు చూసి లెక్క వేసినట్టున్నాడు. ఫ్లాట్ కొనేవాడు రేపే కాపురం పెట్టాలని చూస్తాడు, అక్కడ ఫాల్స్ సీలింగ్‌కి ధర పలకొచ్చు. మూలాపేట లాంటి పాత పేటలో చాలామంది స్థలాన్ని కొంటారు. ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటారు. అలాంటివాడికి మీరు వేసిన టైల్స్ రాళ్లకుప్పలో పోతాయి. మీ ఇల్లు ఏ రకం వాళ్లకు పోతుందో ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. మీరైతే ఒక సాయంత్రంలో తెలుసుకోవచ్చు. మీ వీధిలో, పక్క వీధిలో గత నాలుగైదేళ్లలో అమ్ముడైన ఇళ్లు లెక్కపెట్టండి. కొన్నవాళ్లు అందులోనే కాపురం ఉన్నారా, పడగొట్టారా చూడండి. ఎక్కువ పడగొట్టి ఉంటే ఏడు లక్షల మాట వదిలేయండి. కాపురం ఉన్నవాళ్లే ఎక్కువైతే కూడా ఫాల్స్ సీలింగ్ వద్దు. టేకు దూలాల మిద్దె కావాలని వెతుక్కునేవాళ్లు ఉంటారు. ఆ దూలాలు కనపడకుండా కప్పేసి పైగా డబ్బు అడగడం ఏం లెక్క?

గోడ దగ్గరికి వద్దాం. ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఒంగోలులో మా అత్తగారి ఇల్లు అమ్మినప్పుడు మేమూ ఇదే పని చేశాం. నెమ్మెక్కిన గోడకు పుట్టీ పెట్టించి, పైన ఖరీదైన రంగు వేయించాం. మొదటిసారి చూసిన ఆయనకు నచ్చింది. పద్దెనిమిది రోజుల తర్వాత భార్యను తీసుకుని వచ్చారు. రంగు అప్పడంలా పొంగి ఉంది. ఆవిడ ఏమీ అనకుండా వేలితో నొక్కారు, రంగు రేకులా ఊడి కింద పడింది. లోపల తెల్లటి ఉప్పు పొడి. ఆ వేలు చీర కొంగుకు తుడుచుకుని, పైన మిద్దె చూడకుండానే బయటికి నడిచారు. గోడ బాగు చేయించడానికి అయ్యేది తక్కువే. కానీ "గోడ దాచినవాళ్లు కాగితాల్లో ఇంకేం దాచారో" అనుకునే ఉంటారు, ఆ అనుమానం తీర్చడం మా వల్ల కాలేదు. ఆ తప్పు మాదే. ఇప్పటికీ ఆ వేలు గుర్తొస్తే నాకు తల వంగిపోతుంది.

చట్టం కూడా ఒప్పుకోదు. ఆస్తి బదిలీ చట్టం 1882 నాటిది. కొనేవాడు మామూలు జాగ్రత్తతో చూసినా కనిపెట్టలేని పెద్ద లోపం అమ్మేవాడికి తెలిసి ఉంటే చెప్పి తీరాలని అందులో 55వ సెక్షన్ అంటుంది. "ఎవరికీ తెలీదు" అన్న బ్రోకర్ రేపు కోర్టుకు రాడు, మీ ముగ్గురూ వెళ్లాలి.

నెమ్ము ఎక్కడి నుంచి వస్తోందో ఇప్పుడు గోడ తడిగా ఉండగానే కనుక్కోవాలి. నడుము ఎత్తు అన్నారు కాబట్టి నాకొక అనుమానం. మీ నాన్నగారు ఎప్పుడైనా ఆ గోడకు కింద సిమెంటు పూత వేయించారా? పాత గోడలు ఇటుక, సున్నం. వాటికి నేలలోని తడి ఎక్కినా సున్నం గుండా ఆరిపోతుంది. సిమెంటు పూత వేస్తే ఆరే దారి మూసుకుపోయి తడి పైకి పాకుతుంది, పూత ఎక్కడ ఆగిందో అక్కడ ఉబ్బుతుంది. అదే అయితే ఆ పూత కొట్టించి, గోడను కొన్ని నెలలు ఆరనిచ్చి, మళ్లీ సున్నపు పూతే వేయించాలి. అది తెలిసిన ముసలి బేల్దారి మేస్త్రీని పట్టుకోండి. ఇంకో కారణం మిద్దె మీద నీళ్లు దిగే తూము కావచ్చు, గోడ అవతల స్నానాల గది కావచ్చు. ఒక చిన్న పరీక్ష చేయండి. పొడిగా కనిపించే చోట మూరెడు ప్లాస్టిక్ కాగితం గోడకు పెట్టి నాలుగు అంచులూ టేపుతో అతికించండి. రెండు రోజుల తర్వాత కాగితం లోపలి వైపు నీటి చుక్కలుంటే తడి గోడలోంచే వస్తోంది. గదివైపు ఉంటే గదిలో గాలి ఆడటం లేదు, కిటికీలు తెరిస్తే సగం తగ్గుతుంది.

మిద్దె ఎక్కినప్పుడు పిట్టగోడ సందుల్లో రావి మొక్క ఉందేమో చూడండి. పాత మిద్దెల మీద అది ఉండని చోటు తక్కువ. పైన తుంచితే మళ్లీ మొలుస్తుంది, వేరుతో సహా తీయించి ఆ పగులు సున్నంతో పూడ్పించండి. ఇది వందల్లో అయ్యే పని. అలా వదిలేస్తే ఆ వేరు దారినే నీళ్లు దూలం చివర దాకా దిగుతాయి. తూము నోట్లో పేరుకున్న ఆకులు కూడా తీయించండి.

బావి పూడ్చకండి. ఆగ్నేయంలో బావి వద్దనుకునేవాడు పూడ్చిన బావి అన్నా ఒప్పుకోడు. స్థలం కోసం కొనేవాడు తన ప్లాను ప్రకారం చూసుకుంటాడు. ఇంకొకరికి ఆ నీళ్లే నచ్చొచ్చు. మీరు చేయాల్సింది మీద గట్టి ఇనుప జల్లెడ వేయించడం. ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లతో చిన్నపిల్లలు ఉంటారు.

కాగితాలకు రంగుల కన్నా ముందు పూనుకోండి. కొనేవాడు లోన్ మీద కొంటే బ్యాంకు లాయరు చూసేది వాటినే. నాన్నగారి మరణ ధ్రువపత్రం, తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, 1984 దస్తావేజు, దానికి ముందువి ఏవైనా ఉంటే అవి, ఇంటి పన్ను, కరెంటు, కుళాయి బిల్లులు బాకీ లేకుండా. ఈసీ (ఆస్తి మీద తనఖాలు, లావాదేవీలు ఏమున్నాయో చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం) తీయించినప్పుడు 1997 లోన్ కోసం ప్రత్యేకంగా చూడండి. అప్పట్లో తనఖా రిజిస్టర్ చేసి ఉండి, అప్పు తీరాక రద్దు దస్తావేజు రిజిస్టర్ కాకపోతే తనఖా ఈసీలో అలాగే నిలిచి ఉంటుంది. తీర్చేశామని మీరెంత చెప్పినా ఉపయోగం ఉండదు, ఆ బ్యాంకు దగ్గరికి వెళ్లి రద్దు చేయించాలి. అసలు దస్తావేజు బ్యాంకు నుంచి ఇంటికి వచ్చిందా అన్నదీ చూడండి. అది బహుశా నాన్నగారి గదిలోనే ఉంటుంది. ఆ గదిని హడావిడిగా ఖాళీ చేయొద్దనడానికి ఇదింకో కారణం.

స్థలం టేపు పెట్టి కొలిపించండి. మన నెల్లూరులో అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే ఎనిమిది గజాలు. మీ 30 అంకణాలు 240 గజాలు. తిరుపతి వైపు అంకణం 36 అడుగులే. బయటి నుంచి వచ్చిన కొనుగోలుదారుతో అంకణాల్లో మాట్లాడి, తీరా అగ్రిమెంటు దగ్గర గొడవ పడినవాళ్లున్నారు. అందుకని రెండు లెక్కల్లోనూ రాసిపెట్టుకోండి. దస్తావేజులోని నాలుగు వైపుల హద్దులు ఇప్పటి గోడలతో సరిపోతున్నాయో లేదో చూడండి. పక్కింటివాళ్లు జానెడు జరిగి ఉంటే బేరానికి ముందే తెలియడం మంచిది.

డబ్బు విషయంలో రెండు మాటలు. అడ్వాన్సుతో సహా 20,000 రూపాయలు, అంతకు మించి ఏదీ నగదుగా తీసుకోకండి. స్థిరాస్తి విషయంలో అది నేరుగా నిషేధం, తీసుకున్నంత మొత్తం జరిమానా పడొచ్చు. ధర 50 లక్షలు, ఆ పైన ఉంటే కొనేవాళ్లు మీకిచ్చే డబ్బులోంచి ఒక శాతం టీడీఎస్ (మీ పన్ను కింద ముందే పట్టుకునే మొత్తం) పట్టి ప్రభుత్వానికి కడతారు, అది మోసం అనుకుని కంగారు పడకండి. లాభం మీద పన్ను ముగ్గురూ ఎవరి వాటాకు వాళ్లు చూసుకోవాలి. కొన్నది 2001 ఏప్రిల్ ఒకటికి ముందు కాబట్టి ఆనాటి మార్కెట్ విలువను కొన్న ధరగా చూపించుకునే వీలుంది. బేరం కుదరకముందే ఆడిటర్ దగ్గర ఒక గంట కూర్చోండి.

నాన్నగారి గది గురించి రాయడానికి నాకు కొంచెం సమయం పట్టింది. ఇల్లు చూడటానికి వచ్చేవాళ్లకు మూసి ఉన్న గది నచ్చదు. నాఫ్తలీన్ వాసన, మంచం కింద ట్రంకు పెట్టెలు, అటక మీద గంగాళాలు ఉంటే గది ఉన్నదానికంటే సగంగా కనిపిస్తుంది. అది నిజమే. అయితే ఖాళీ చేయాల్సింది అమ్మగారు, మీరు పక్కన కూర్చోవాలి. రోజుకు ఒక పెట్టె చాలు. పెట్టె తెరిచి ఒక్కో వస్తువూ ఆవిడ చేతికివ్వండి. ఆవిడ దగ్గర ఉంచుకునేవి, మీరిద్దరూ పంచుకునేవి, ఇచ్చేసేవి వేరు చేయండి. ఒక్కో చొక్కాకు ఒక్కో కథ వస్తుంది, వినండి. మూడు వారాలు పట్టినా పట్టనివ్వండి, ఎలాగూ గోడ ఆరడానికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఉత్తరంలో ఒక చోట మీరు వంటింటి గుమ్మం మీద మీ ఇద్దరి ఎత్తులు నాన్న పెన్సిల్‌తో గీసేవారని రాశారు. రంగుల కుర్రాడు వచ్చే ముందు ఆ గుమ్మాన్ని ఫొటో తీసుకోండి. పంచలోని ఉయ్యాల బల్ల, సింహద్వారం తలుపులు మీకు కావాలనుకుంటే ఇప్పుడే నిర్ణయించుకుని, ఇల్లు చూపించేటప్పుడే చెప్పి, అగ్రిమెంటులో రాయించండి. ఇంటికి బిగించి ఉన్నవి అమ్మకంలో భాగమే అనుకుంటారు, ఆఖరి రోజు విప్పితే మాట పడతారు.

చూపించడానికి వారంలో రెండు పూటలు పెట్టుకోండి, బ్రోకర్ ఎప్పుడంటే అప్పుడు రావద్దని చెప్పండి. ఆ పూట కిటికీలన్నీ తెరిచి, లైట్లు వెలుగుతున్నాయా, కుళాయిలు కారుతున్నాయా చూసుకుంటే చాలు. అమ్మగారు ఉంటానంటే ఉండనివ్వండి, గుడికి వెళతానంటే వెళ్లనివ్వండి. వాళ్లెందుకు వస్తున్నారో ఆవిడకు ముందే తెలిసుండాలి, అంతే.

మొత్తానికి నా అంచనా ఏమిటంటే, ఏడు లక్షలు అక్కర్లేదు. నెమ్ముకు మందు, మిద్దె మీద చిల్లర మరమ్మతు, బావి మీద జల్లెడ, కాగితాలు, గోడ ఆరాక ఒక పూత సున్నం లేదా మామూలు రంగు. మేస్త్రీ చూసి చెబితే గానీ అంకె రాదు. సంక్రాంతి దాటాక, ముసురు పూర్తిగా పోయాక పని మొదలు పెట్టించండి. తమ్ముడికి తొందరగా ఉంటే ఏ మరమ్మతూ లేకుండా, నెమ్ము ఉందని చెప్పి అమ్మడం కూడా తప్పుడు దారేమీ కాదు. ధర కొంత తగ్గుతుంది, మీ శ్రమ చాలా తగ్గుతుంది. స్థలం కోసం కొనేవాడైతే ఆ తగ్గింపు కూడా అడగకపోవచ్చు.

ఈ ఆదివారం మూలాపేట వెళ్లండి. తమ్ముడికి అక్కడి నుంచే ఫోన్ చేయండి, స్పీకర్ పెట్టి అమ్మ పక్కనే కూర్చోండి. మొదటి ప్రశ్న ఆవిడనే అడగండి: "అమ్మా, నీకెక్కడ ఉండాలని ఉంది?" అడిగాక కాసేపు ఎవరూ మాట్లాడకండి. ఆవిడ ఏమన్నారో నాకు తప్పకుండా రాయండి.